పైడమ్మని గుమ్మంలోంచి లేపు

బరంపురం, గంజాం జిల్లా

బాబూ,

నీ కథ అందింది. అందిన మర్నాడు పొద్దున్నే "చదివారా సార్?" అని ఫోన్లో మెసేజి పెట్టావు. సాయంత్రం మరోటి. మూడోనాడు చేతులు జోడించిన బొమ్మ. ఎదురుచూపు మీద పన్నెండు పేజీల కథ రాసినవాడివి, నాకు నాలుగు రోజుల గడువివ్వలేకపోయావు! ఇంకొకరైతే ఫోను బోర్లా పెట్టేసి ఊరుకునేవాణ్ణి. నీకు జవాబు రాస్తున్నానంటే కారణాలు రెండు. నీ కథ చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఏడో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను.

ముందు ఒళ్లుమంట సంగతి తేల్చుకుందాం.

నీ పైడమ్మది కాశీనగర్ దగ్గర పల్లె. మొగుడు బరంపురంలో అహమ్మదాబాదు బండెక్కి సూరత్ పవర్‌లూముల్లో పనికి పోయాడు. మొదట్లో వారం వారం ఫోను, నెలకోసారి డబ్బు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఆ తర్వాత ఫోను స్విచాఫ్. ఇంతవరకూ బాగానే ఉంది. గంజాం నుంచి సూరత్ పోయినవాళ్ల ఇళ్లు నేనూ చూశాను, ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. కానీ ఆ తర్వాత నువ్వేం చేశావు? ఆ మనిషిని తీసుకెళ్లి గుమ్మంలో కూచోబెట్టావు. రెండో పేజీలో కూచున్న పైడమ్మ పన్నెండో పేజీలో గానీ లేవలేదు. వాన పడింది, కూచునే ఉంది. అమ్మవారి పండగ వచ్చి వెళ్లింది, కూచునే ఉంది. కళ్లు కాయలు కాచాయి, మళ్లీ కాచాయి, తొమ్మిదో పేజీలో ఇంకోసారి కాచాయి. ఇద్దరు పిల్లలున్నారని నువ్వే రాశావు కదా, వాళ్లేం తిన్నారు? పన్నెండు పేజీల్లో ఆ ఇంట్లో ఒక్కసారి పొయ్యి వెలగలేదు. మొగుడు డబ్బు పంపడం మానేశాక కరెంటు బిల్లు ఎవరు కట్టారు? చిన్నదాని స్కూలు సంచీ చిరిగితే ఎవరు కుట్టారు?

చివర్లో సైకిల్ బెల్లు మోగింది, పోస్ట్‌మాన్ ఉత్తరం పట్టుకొచ్చాడు. ఎంత చోద్యం! సూరత్‌లో లూము మీద పన్నెండు గంటలు నిలబడేవాడు, చేతిలో ఫోనున్నవాడు, ఇన్నేళ్ల తర్వాత పెన్నూ కాయితం వెతుక్కుని ఇన్‌లాండ్ లెటరు రాస్తాడా? కథ ముగించడానికి నీకు ఉత్తరం కావలసి వచ్చింది, అందుకని రాయించావు. తపాలా శాఖని ఇలా వాడుకునే కథలంటే నాకు మొదట్నుంచీ మంట. ఎందుకో చెబుతాను.

నా ఉద్యోగమంతా ఆర్.ఎం.ఎస్.లో గడిచింది. రైల్వే మెయిల్ సర్వీసు. జనానికి పోస్టాఫీసు తెలుసు, పోస్ట్‌మాన్ తెలుసు, మేం తెలీదు. స్టేషన్ పక్కన ఒక హాల్లో, ఒక్కోసారి నడుస్తున్న బండి తాలూకు మెయిల్ వ్యాన్లో, రాత్రంతా గూళ్ల బీరువా ముందు నిలబడి ఉత్తరాలు పంచేవాళ్లం. ఎడమచేతిలో కట్ట, కుడిచేత్తో ఒక్కొక్కటీ దాని గూట్లోకి. గూడు నిండితే తీసి, చిరునామాలన్నీ ఒకే వైపు ఉండేలా సర్ది, చీటీ పెట్టి, పురికొసతో కట్టి, సంచీలో వేసి లక్కతో సీలు. ఉత్తరం కోసం చూసేవాళ్ల మొహాలు నాకెప్పుడూ కనపడలేదు. వాళ్లకి చేరాల్సిన కాయితం మాత్రం నా వేళ్ల మధ్యనించి పోయింది. కాబట్టి ఉత్తరం ఎందుకు ఆలస్యమవుతుందో నాకు తెలుసు. నువ్వు రాసినట్టు విధి ఆడే ఆటలేమీ ఉండవు అందులో. ఎవడో 'బరంపురం' అని రాసి 'గంజాం' అని రాయడు. బెంగాల్లో ముర్షిదాబాదు జిల్లాలో ఇంకో బరంపురం ఉంది, ఇంగ్లీషులో రాస్తే ఒకటి రెండు అక్షరాల తేడా. ఉత్తరం అటు పోతుంది. అక్కడివాడు రెండ్రోజులు వెతికి, 'మిస్సెంట్' ముద్ర కొట్టి ఇటు తోలతాడు. పిన్ కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి, మాది 760001, వాళ్లది 742101. రెండూ ఏడుతోనే మొదలు కాబట్టి తొందర్లో ఉన్నవాడు అప్పుడూ పొరబడేవాడు.

ఇదంతా ఎందుకంటే, నువ్వు పైడమ్మ ఎదురుచూపు అని రాసింది నిజానికి పైడమ్మ ఫోటో. మెడలో పుస్తెలు, కంట్లో నీరు, వెనక తలుపు. ఈ ఫోటో చాలా పత్రికల అట్టల మీద చూశాను. దాన్ని పట్టుకుని నువ్వు సహనం అంటున్నావు.

నా పట్టుదల ఒకటుంది, చాదస్తమనుకో ఫరవాలేదు. కబురు కోసం చూసే మనిషికి మామూలు మనిషికంటే పని ఎక్కువ. రానివాడు చెయ్యాల్సిన పని కూడా ఆ మనిషి నెత్తినే పడుతుంది, దాని మీద ఆ కబురు వెతుక్కునే పని ఒకటి. పని లేకుండా ఎదురుచూపు రాసినవాణ్ణి నేను నమ్మను. ఎంత పేరున్నవాడైనా సరే.

ఒకావిణ్ణి చూశాను, చెబుతాను. మా వీధి చివర రేషన్ డిపోలో వరసలో నిలబడ్డాను. నా ముందు ఆవిడ. మిషన్ మీద బొటనవేలు పెట్టింది, ముద్ర పడలేదు. చీర కొంగుకి తుడిచి మళ్లీ పెట్టింది, పడలేదు. విస్తళ్లు కుట్టే చేతులు, గీతలు అరిగిపోయాయి. డీలరు మధ్యవేలు పెట్టమన్నాడు, పడింది. బియ్యం తూచారు, సంచీ మూతి బిగించి కట్టుకుంది. కట్టుకుని, పక్కకి జరక్కుండా అడిగింది: "బాబూ, మావోడి బియ్యం ఎక్కడైనా తీసినట్టు సూపిస్తందేటి?"

నాకు మొదట అర్థం కాలేదు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' వచ్చాక కార్డులో పేరున్న మనిషి ఏ రాష్ట్రంలో వేలు పెట్టినా తన వాటా అయిదు కిలోలూ అక్కడ తీసుకోవచ్చు. తీసుకుంటే ఇక్కడి లెక్కలో తరుగు కనపడుతుంది. అంటే ఆ మనిషి ఎక్కడున్నా బియ్యం తిన్న నెల ఈ మిషనుకి తెలుస్తుంది. పోలీసులు చెప్పనిది, ఫోను చెప్పనిది, ఆ నల్ల డబ్బా చెబుతుందని ఆవిడ కనిపెట్టింది. డీలరు ఇదివరకే అలవాటైనవాడిలా నొక్కి చూసి, "లేదమ్మా, మొత్తం ఇక్కడే ఉంది" అన్నాడు. "సరే, వొచ్చే నెల సూద్దుం" అని సంచీ నెత్తికెత్తుకుని పోయింది. కొడుకో మొగుడో నేను అడగలేదు. మొహంలో ఏముందో కూడా నీకు చెప్పలేను, నేను ఆవిడ చేతులే చూశాను.

ఇప్పుడు నీ పైడమ్మని ఆవిడ పక్కన నిలబెట్టు. నిలబడగలదా?

నువ్వు ఒక్కసారి ఆవిణ్ణి గుమ్మంలోంచి లేపితే ఎన్ని చోట్లకి నడవాలో చూడు. ఠాణాకి పోవాలి. అక్కడివాళ్లు మనిషి తప్పిపోయింది సూరత్‌లో కదా, అక్కడ రాయించుకో అంటారు. సూరత్‌కి టిక్కెట్టు డబ్బులెవరిస్తారు? మేస్త్రీ ఇంటికి పోవాలి, తీసుకెళ్లినవాడు వాడే. వాడు తలుపు సందులోంచి మాట్లాడతాడు. బ్లాకాఫీసుకి పోవాలి. మన ఒడిశాలో మధుబాబు పింఛను 2008 నుంచీ ఉంది, వితంతువులకి ఇస్తారు. ఆ లెక్కన పైడమ్మకి ఇవ్వరు. పోయాడన్న కాయితం ఉంటే గదా? ఉన్నాడన్న కాయితమూ లేదు. గుమాస్తా తలెత్తకుండా "ఏం రాయమంటావ్ ఈ గళ్లో?" అంటాడు. ఆ గడి ముందు పైడమ్మ ఏమందో రాసివుంటే నేను ఈ ఉత్తరం ఇంకోలా రాసేవాణ్ణి.

ఇంకోటి. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఒక మాట ఉంది, ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంచారు. కబురు తెలియాల్సిన దగ్గరవాళ్లకి ఏడేళ్లపాటు ఒక మనిషి కబురు తెలియకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడని రుజువు చేసే భారం ఉన్నాడన్నవాళ్ల మీద పడుతుంది. 2020లో ఫోను ఆగింది కాబట్టి నీ కథకి గడువు 2027. నీ కథలో మరిది ఒకడున్నాడు, ఊరికే టీ తాగి పోతుంటాడు. వాడికి ఈ లెక్క తెలిసిందనుకో. ఉమ్మడి చెక్క ఎకరంన్నర ఉందనుకో. ఒకే కబురు కోసం ఇంట్లో ఇద్దరు చూస్తుంటారు, ఒకరు వస్తుందని, ఇంకొకరు రాకూడదని. ఒకే కుండలో అన్నం తింటూ. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని నువ్వు వాన గురించి ఒకటిన్నర పేజీ రాశావు!

సరే, ఏడో పేజీ. "పిల్లలు పడుకున్నాక మళ్లీ ఆ నంబరుకి చేసింది. స్విచాఫ్ అని ఒడియాలో చెప్పే అమ్మాయితో, సర్లే అమ్మా, నువ్వు పడుకో, అంది." ఇది చదివి కుళ్లుకున్నాను. ఇది నాకు తట్టి ఉంటే బాగుండేదని రాత్రి పడుకున్నాక కూడా అనిపించింది. ఈ వాక్యం రాసినవాడికి రాయడం వచ్చు. వచ్చు గనకే తిడుతున్నాను. ఎందుకంటే దాని వెనకే "అలా ఆమె హృదయం మూగగా రోదించింది" అని తగిలించావు. ఎవడు నేర్పాడు నీకిది? పైడమ్మ ఏడవలేదు, ఆ రికార్డు పిల్లని పడుకోమంది. రోజూ అదే గొంతు విని, దానికీ ఒక ఒళ్లుందని, అదీ అలిసిపోతుందని అనుకుంది. అది నువ్వే రాసి, నువ్వే దాని మీద చెంబుడు నీళ్లు పోశావు. కొట్టెయ్యి.

ఈ తగిలించే జబ్బు నీ ఒక్కడిది కాదులే, పత్రికలవాళ్లు పెంచి పోషించారు. కొసమెరుపు అని ఒకటుండేది మా రోజుల్లో. కథ చివర ఏదో ఒకటి పేలాలి. పేలకపోతే కథే కాదు. ఒకసారి నేను ఒక వారపత్రికకి కథ పంపాను, పేరెందుకులే, ఇప్పుడది లేదు కూడా. కలకత్తా జూట్ మిల్లుకి పోయిన కొడుకు కోసం చూసే తల్లి కథ. కొడుకు కబురు రాదు. తల్లి మిరపనారు పోస్తుంది, అక్కడితో ఆపేశాను. పంపాక నెలలు గడిచాయి. వాళ్లనుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక రాత్రి డ్యూటీలో హౌరా వైపు నుంచి వచ్చిన సంచీ విప్పి, దారితప్పిన ఉత్తరాల కట్ట చేతిలోకి తీసుకున్నాను. మూడోదో నాలుగోదో కార్డు. నా పేరు. కార్డు మీద చోటు లేకుండా ముద్రలు. పత్రికవాళ్లు 'బరంపురం' అని ఊరుకున్నారు, పిన్ లేదు, గంజాం లేదు, అది బెంగాల్ మొత్తం చూసొచ్చింది. లోపల ఏముందో తెలుసా? "మీ కథ స్వీకరించాం. ముగింపు స్వల్పంగా మార్చాం. అభ్యంతరమైతే పదిహేను రోజుల్లో తెలపగలరు." ఆ పదిహేను రోజులు ఎప్పుడు పోయాయో! కార్డు చొక్కా జేబులో పెట్టుకుని మిగతా కట్ట పంచాను. మెయిలొచ్చే వేళయింది, నా కోసం ఆగదు.

కథ అప్పటికే అచ్చయిపోయిందట. ఎవరో దాచిన సంచిక తర్వాత దొరికింది. కొడుకు రిక్షాలో దిగాడు! మిరపనారు పోస్తున్న తల్లి వెనక నుంచి వచ్చి కళ్లు మూశాడు. పై వారాల్లో పాఠకుల ఉత్తరాలు కూడా వేశారు, ముగింపు అద్భుతమని. నాకు వచ్చిన మొదటి మెప్పు అది, నేను రాయని వాక్యాలకి. ఇప్పటికీ ఆ సంపాదకుడి మాటెత్తితే మా ఆవిడ లేచి లోపలికి పోతుంది, ఈయన మొదలుపెట్టాడని.

వాళ్లతోనే ఇంకో పేచీ. మనవాళ్ల కథలు 'ప్రవాసాంధ్రుల పేజీ'లో వేసేవాళ్లు, దుబాయి కబుర్ల పక్కన. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఇల్లూ కదల్లేదు, మా వీధీ కదల్లేదు, పొరుగున పట్టు నేసే దేరావాళ్ల మగ్గమూ కదల్లేదు. ప్రవాసం ఎవడు పోయాడు? ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఈ విషయంలో నాకింకా జవాబు రావలసి ఉంది.

కొడుకుని రిక్షాలో దింపడం మీద నాకంత కోపం ఎందుకంటే ఆ కథలో తల్లి మా నాయనమ్మ. నువ్వు రంగం పోయినవాళ్ల గురించి విన్నావో లేదో, రంగూన్‌ని మా ముసలాళ్లు రంగం అనేవాళ్లు. గోపాలపూర్‌లో స్టీమరెక్కి పోయేవాళ్లు, మన గంజాం నుంచీ, శ్రీకాకుళం, విశాఖపట్నాల నుంచీ. రేవుల్లో మూటలు మొయ్యడానికి, ధాన్యం మిల్లులకి. మా తాత మిల్లుకి పోయాడు. 1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగం మీద బాంబులేశారు, మరుసటి మార్చికి ఊరు వాళ్ల చేతిలో పడింది. లక్షలమంది మనవాళ్లు నడిచి బయల్దేరారు, కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగుకి, కొందరు కొండలెక్కి మణిపురం, అస్సాం. నాయనమ్మకి ఈ పేర్లేవీ తెలీవు. ఆవిడకి తెలిసింది ఒకటే, కలకత్తా బండి దిగి వచ్చేవాళ్ల కాళ్లు వాచి ఉంటాయని.

ఏ పల్లెకి ఎవరు తిరిగొచ్చారని తెలిసినా పోయేదట. గంజి తీసుకెళ్లేది, పసుపు వేసి కాచిన నీళ్లు అడిగి వాళ్ల కాళ్లు కడిగేది. "మా ఇంటాయన్ని చూశారా" అని ముందు అడిగేది కాదు. ఆ ప్రశ్న అందరూ అడిగేదే, అందరికీ చెప్పే జవాబు ఒకటే వచ్చేది. ఏ మిల్లు, ఏ గేటు, ఎవరితో కలిసి బయల్దేరారు, దారిలో మొదట ఎక్కడ పడుకున్నారు, ఎవరు నడవలేక ఆగిపోయారు, ఇవి అడిగేది. చదువు లేదు, అన్నీ తలలోనే పెట్టుకునేది. కొన్నాళ్లకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఆవిడ దగ్గరికి రావడం మొదలుపెట్టారు, మావాడి జాడ ఏవన్నా తెలిసిందా అని. నలుగురికో అయిదుగురికో ఆవిడ నోటి నుంచే కబురు తెలిసింది. మంచి కబుర్లూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. చెడ్డ కబురు చెప్పాల్సొస్తే ఆ ఇంట్లో వంట అయ్యేదాకా ఆగి, పిల్లలు తిన్నాక చెప్పేదట. ఇది మా నాన్న చెప్పిన మాట, ఆయన కొంగు పట్టుకుని వెంట తిరిగేవాడు.

పెద్దమనుషులు గాజులు తీయించాలని వచ్చారట ఒకసారి. "ఎవురు సూసేరు? సూసినోణ్ణి తెండి" అందట.

తాత వచ్చాడా రాలేదా అని నువ్వు అడుగుతావని తెలుసు. చెప్పను. ఇంతసేపు చదివావు కదా, ఆ సంగతి తెలియకపోతే నీకేమైనా తక్కువైందా? నీ కథలో కూడా ఉత్తరం చించెయ్యమంటున్నది అందుకే.

ఇక నీ ప్రశ్నలు. ఆరు రాశావు, నంబర్లేసి మరీ. ఒకటి, రెండు కలిపి చెబుతాను: వేరే కథ పత్రికకి పంపి ఎనిమిది నెలలైంది, జవాబు లేదు, ఫోన్ చెయ్యనా అని. ఫోన్ చెయ్యకు. నీ గొంతు గుర్తుపెట్టుకుంటారు, అది మంచికి కాదు. పంపిన రోజే ఒక నోటుపుస్తకంలో తారీఖు, పత్రిక పేరు, కథ పేరు రాసి మూసెయ్యాల్సింది. ఇప్పుడన్నా రాయి. ఆర్నెల్లు దాటాక మర్యాదగా ఒక ఉత్తరం పడెయ్యి: ఫలానా తారీఖులోగా తమ నిర్ణయం తెలపకపోతే కథని ఉపసంహరించుకుంటున్నాను అని. ఆ తారీఖు దాటిన మర్నాడు ఇంకోచోటికి పంపు. అంతవరకూ పంపకు, హామీపత్రంలో "మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని సంతకం పెట్టావు కదా. వాళ్లు మర్యాద తప్పితే తప్పనీ. టెలిగ్రాం 2013లో పోయింది, రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఈమెయిళ్లొచ్చాయి, సంపాదకులు జవాబిచ్చే వేగం మాత్రం నేను చూస్తుండగా మారలేదు.

మాకు జవాబే రాని కథలు ఎక్కువ. స్టేషన్లో పుస్తకాల కొట్టుకి హౌరా మెయిల్లో తెలుగు వారపత్రికల కట్ట దిగేది. డ్యూటీ దిగి, నిలబడి విషయసూచిక చూసి, పేరు లేకపోతే కొనకుండా పెట్టేసేవాణ్ణి. కొట్టువాడు పురికొస విప్పకముందే "మీది లేదు లెండి" అనేవాడు. వాడెప్పుడు చూశాడో! వాడు చెప్పినా నేను చూసేవాణ్ణి. చూసి ఇంటికొచ్చి పడుకుని, లేచి, ఆగిపోయిన పేజీ దగ్గర్నుంచి మళ్లీ రాసేవాణ్ణి. ఆ పత్రిక కోసం కాకపోయినా, ఆ కొట్టువాడి నోరు మూయించడానికి.

నువ్వు "ఇంకా ఎన్నాళ్లు" అన్నావు చూడు, ఆ మాట పర్లాకిమిడిలో కూచుని అనకూడదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి పటానికి దండ వేసే ఉంటావు. ఆయన ఆ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ 1890లలో సవర భాష పట్టుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారని చెబుతారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నిఘంటువు 1938లో. అది చేతికొచ్చేసరికి ఆయన పర్లాకిమిడిలోనే లేరు, 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడే రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరిలో పోయారు. మరి ఆ మధ్య ఏళ్లలో ఏం చేశారు, సవర పుస్తకం ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కూచున్నారా? తెలుగులో వాడుకభాష పోట్లాటంతా ఆ మధ్యలోనే నడిపారు. నువ్వూ నేనూ ఇవాళ ఇలా రాసుకుంటున్నది ఆయన ఇంకోదాని కోసం ఆగిన కాలంలో చేసిన పని.

హైదరాబాదు మకాం మార్చాలా అన్న ప్రశ్నకి, పోటీలకి పంపాలా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పోటీల గురించి మొదలుపెడితే ఇంకో నాలుగు కాగితాలు కావాలి, మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు పిలిచింది. గురువు ఉండాలా అని అడిగావు. నన్ను గురువుగారూ అనకు, బాబాయ్ అను చాలు. మిగతా ప్రశ్న ఏదో మర్చిపోయాను, నీ కాగితం కళ్లజోడు పెట్టెలో ఉంది, తీయడానికి బద్ధకం.

పన్నెండు పేజీలూ తిరగరాసి పంపకు. ఒక్క నెల రాయి. ఈ నెల రేషన్ ఇచ్చిన రోజు నుంచి వచ్చే నెల రేషన్ ఇచ్చే రోజు దాకా పైడమ్మ ఏయే పనులు చేసిందో, ఎవరెవరితో ఎంతెంత మాట్లాడిందో. పొయ్యిలోకి కర్ర ఎక్కడ్నుంచి వచ్చిందో రాయి. మరిది టీలో చక్కెర ఎవరింటిదో రాయి. ఏడో పేజీ రాత్రి అందులో ఎక్కడ పడుతుందో నువ్వే చూసుకో. కన్నీళ్లు, వాన, సైకిల్ బెల్లు లేకుండా చూడు. అయ్యాక పోస్టులో వెయ్యి, ఫోన్లో చదవలేను. వేశాక మెసేజి పెట్టకు. చదువుతాను. ఎప్పుడు అని అడక్కు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్

తా.క. తిరుగు చిరునామాలో పిన్ కోడ్ 760తో మొదలుపెట్టావు. పర్లాకిమిడి 761200. ఇంటి నంబరు లేదు, 'రాజుగారి కోట వెనక' అని ఉంది. కోట చాలా పెద్దది. జవాబుకని కవర్లో పెట్టిన స్టాంపులు ఈ బరువుకి చాలవు, మిగతావి నేను అంటించాను, ఈసారి వచ్చినప్పుడు ఇచ్చెయ్యి.